కొండెక్కే కొట్టుగది

కార్తీకం వచ్చి ఉక్కపోత ఒక మెట్టు దిగగానే విశాఖపట్నం వాడి చూపు సముద్రం మీంచి కొండల మీదికి మళ్లుతుంది. అర్ధరాత్రి బండి మాట్లాడుకుని, తెల్లారేసరికి పాడేరు పక్కన వంజంగి కొండెక్కి మబ్బుల్ని కాళ్ల కింద చూడాలనో, లంబసింగిలో నోట్లోంచి పొగలు వదలాలనో బయల్దేరే జట్లకు లెక్కే ఉండదు. ప్రతి జట్టులోనూ ఒకాయన ఉంటాడు. ఆయనకన్నా ముందు ఆయన సామాను బండెక్కుతుంది. సామాను ఎక్కాక ఆయనకు చోటుండదు. "ఏటి బావా, ఇల్లు కాళీ చేసేసి వచ్చేసినావేటి?" అని జట్టంతా నవ్వుతుంది. వరసకు ఎవరికి ఏమైనా, జట్టు మొత్తానికి ఆయన సామాన్ల బావ. పిరికివాడు కాబట్టి ఇంత మోస్తున్నాడని కొందరంటారు, కొత్త సంచి చూపించుకోడానికని ఇంకొందరంటారు. ఇద్దరిదీ పొరపాటేనని నా వాదన. బావ సర్దేది కొండ కోసం కాదు, చలి కోసం కాదు, తన కోసం అసలే కాదు. "నీ దగ్గర ఫలానాది ఉందా?" అని ఎవరో ఒకరు అడుగుతారు చూడండి, ఆ ఒక్క క్షణం కోసం.

ముందు కొండ సంగతి తేలుద్దాం. తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తయినవని చెప్పుకునే అర్మకొండ, జిందగడ కూడా 1,700 మీటర్లు దాటవు. లంబసింగి ఎత్తు వెయ్యి మీటర్ల దరిదాపు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గడం మామూలు లెక్క. ఆకాశం తేటగా ఉన్న రాత్రి చల్లగాలి బరువెక్కి వాలు వెంబడి జారి పల్లంలో పేరుకుంటుంది కనుక, కొన్ని తెల్లవారుజాముల్లో అక్కడ పాదరసం సున్నా దాకా దిగజారుతుంది కూడా. కానీ ఆ చలి పొద్దెక్కేదాకానే. తొమ్మిదయ్యేసరికి స్వెట్టర్లన్నీ నడుములకు చేరతాయి. ఇంతమాత్రానికి కావలసింది చెమట పట్టి ఉంచని బనియను, దాని మీద ఉన్ని స్వెట్టరు, గాలి దూరని కోటు, మంకీ క్యాపు, పట్టున్న బూట్లు, ఒక టార్చి, తాగడానికి నీళ్లు. పగటిపూట నడకకు సంచి బరువు మనిషి బరువులో పదో వంతు దాటకూడదని కొండలెక్కేవాళ్లు చెప్పే మోటు లెక్క. అంటే 70 కిలోల మనిషికి 7 కిలోలు. బావకు ఆ 7 కిలోలు మందుల డబ్బాకే సరి. నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే నెలలో, పద్నాలుగేళ్లయినా నిండకుండా, ఎవరెస్టు ఎక్కింది. బావ సరంజామా చూస్తే, ఆ పిల్ల వంజంగికి భయపడి తేలికైన కొండ చూసుకుందేమో అనిపిస్తుంది.

ఇక సంచి విప్పి చూద్దాం. ఇరవై మీటర్ల నైలాను తాడు, మూడు టార్చిలు, రెండు పవర్ బ్యాంకులు, గొడుగు, గొడుగు ఎగిరిపోతే రెయిన్‌కోటు, క్రేప్ బ్యాండేజీ, జండూబామ్, ఓడోమాస్, దిక్సూచి, ఈల, సూదీ దారం, సేఫ్టీ పిన్నుల కట్ట, నాలుగు కొలతల్లో మేజోళ్లు. ఆ కొలతల దగ్గరే ఆగాలి మనం. ఒక్క మనిషికి నాలుగు కొలతల పాదాలు ఉండవు కదా! మరి ఆయన ఒంటి మీద ఏముందంటారా? జీన్సు ప్యాంటు, నూలు చొక్కా. విశాఖ ఉక్కలో పెరిగినవాడికి నూలే దేవుడు. అయితే నూలు చెమటను పీల్చి తనలోనే దాచుకుంటుంది. ఎక్కేటప్పుడు తడిసి, పైన గాలి తగలగానే తడిగుడ్డ చుట్టినట్టు వణికిస్తుంది. ఈ సంగతి బావకు తెలియక కాదు. దారి పొడుగునా అందరికీ చెప్పేదే ఆయన. తన కోసం సర్దుకునేవాడు తన ఒంటిని ఇలా మరచిపోడు.

ఆ సంచి ఎలా పెరుగుతుందో కూడా చూడాలి. ప్రతి ప్రయాణంలోనూ ఎవరో ఏదో అడుగుతారు, అది ఉండదు. ఇంటికి రాగానే అది చీటీలో చేరుతుంది. చీటీలోంచి పోయేది మాత్రం ఒక్కటీ ఉండదు, ఎందుకంటే లేకపోయిన వస్తువు పదేళ్లు గుర్తుంటుంది, వాడకపోయిన వస్తువు ఒక్క పూటైనా గుర్తుండదు. సరుకు మోసే ఓడకైనా ఒంటి మీద ప్లిమ్సాల్ గీత ఉంటుంది. ఆ గీత మునిగేలా సరుకెక్కించకూడదు. శామ్యూల్ ప్లిమ్సాల్ అనే ఎంపీ బ్రిటిష్ పార్లమెంటుతో పోట్లాడి 1876లో చట్టం చేయిస్తే వచ్చిన గీత అది. విశాఖ రేవులో ఆగిన ఓడల మీద ఇప్పటికీ చూడొచ్చు. రేవు పక్కనే పెరిగిన బావకు మాత్రం గీత లేదు, జిప్పు ఉంది. అది పడినంత మేరా ఎక్కించడమే. (పులిహోర డబ్బా, ఆవకాయ సీసాతో వచ్చే వదినను ఈ కోవలో కలపకండి. ఆవిడ సంచి ఖాళీగా తిరిగొస్తుంది. అది వేరే శాస్త్రం.)

ఇక్కడ గాజువాక వైపు నుంచి ఒక అభ్యంతరం వినిపిస్తుంది. ఉక్కు కర్మాగారం నడిచేదే ముందుజాగ్రత్త మీద కదా, స్టోర్సులో ఏళ్ల తరబడి కదలని స్పేరు పార్టే ఒకనాడు పరువు కాపాడదా అని. కాపాడుతుంది. కోక్ ఓవెన్ బ్యాటరీని ఒకసారి వెలిగించాక చల్లారనివ్వకూడదు, చల్లారితే లోపలి సిలికా ఇటుకలు పగుళ్లిస్తాయి. అలాంటి చోట ఆగడమంటే కోట్ల నష్టం కనుక, ఏ వస్తువు దాచినా దండగ కాదు. కొండ మీద ఆగితే ఏం పోతుంది? రాయి మీద కూచుంటాం, అంతే. పైగా స్టోర్సు ఉన్నచోటే ఉంటుంది, మెట్లెక్కదు. పనికి వేసుకునే సేఫ్టీ బూట్లే కొండకూ వేసుకొచ్చే బావలున్నారు. ఇనప మూతి ఉన్న ఆ బూటు పైనుంచి పడేవాటి నుంచి వేళ్లను కాపాడుతుంది. వంజంగి బాటలో పడే బరువైన వస్తువు బావ ఒక్కడే.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం హుద్‌హుద్‌ది. 2014 అక్టోబరు 12న ఆ తుపాను ఊరి మీద పడ్డాక కరెంటు లేదు, నీళ్లు లేవు, పాలు లేవు, ఫోన్లు మూగబోయాయి. ఆ రోజులు చూసినవాడు రెండో టార్చి పెట్టుకుంటే తప్పు పట్టే నోరు నాకు లేదు. అయితే ఆ చీకట్లో ఒక కొవ్వొత్తి కట్ట, ఒక నీళ్ల డ్రమ్ము ఉన్న ఇంటి హోదాను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అలాంటి ఇంటి గుమ్మం ముందు వీధి వీధంతా నిలబడుతుంది, ఏనాడూ పలకరించనివాడు కూడా "అన్నయ్యా" అంటాడు. ఆ పిలుపు రుచి ఒకసారి తగిలిందా, ఇక వదలదు. కాబట్టి హుద్‌హుద్ భయాన్ని నేర్పిందన్నది సగమే నిజం. దగ్గర ఉంచుకున్నవాడి దర్జా ఎలాంటిదో కూడా నేర్పింది. బావ మోస్తున్నది ఆ రెండో పాఠాన్ని. లేకపోతే ఊరినానుకుని 71 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న కంబాలకొండ అడవికి, అంటే జాతీయ రహదారి పక్కకే, ఆ దిక్సూచి ఎందుకు?

అసలు పరీక్ష గిరి ప్రదక్షిణ రోజున జరుగుతుంది. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు లక్షల మంది నడుస్తారు. అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా రాత్రంతా, చాలామంది చెప్పులైనా లేకుండా. చేతిలో ఉన్న ఒక్క కొబ్బరికాయా మొదటి అడుగులోనే వదిలిపోతుంది. ఇంత దూరం వట్టి చేతులతో నడిచే ఊళ్లో, ఆ కాస్త వంజంగి బాటకు ఇంత మోత ఎందుకని అడిగితే, బావ తరఫు వకీలు లేచి, ప్రదక్షిణలో అడుగడుక్కీ మజ్జిగ, పులిహోర, నీళ్లు ఇచ్చేవాళ్లుంటారు, అడవిలో ఎవరిస్తారు అంటాడు. మంచి మాటే. ఆ మజ్జిగ ఇచ్చేవాడి మొహం ఒకసారి చూడండి. నడిచేవాడికి పుణ్యం ఎంతొస్తుందో గానీ, గ్లాసు అందించేవాడి ఆనందం మాత్రం అక్కడికక్కడే కనిపిస్తుంది. బావ ఈ రెండో తెగ మనిషి. ఆయన నడవడానికి పుట్టినవాడు కాదు, పందిట్లో నిలబడి పంచడానికి పుట్టినవాడు. కొండకు వచ్చింది కాళ్లొచ్చిన చలివేంద్రం. చిక్కల్లా ఏమిటంటే వంజంగి దగ్గర టీ కొట్లు ఆయనకన్నా ముందే వెలిశాయి.

ఇక తిరుగు ప్రయాణం లెక్క చూద్దాం. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలు మార్గం వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్ ఓడల కోసం విశాఖ రేవుకు దింపడానికి. ఆ లైను మీద వ్యాగన్లు ఖాళీగా ఎక్కుతాయి, నిండుగా దిగుతాయి. అదే లైను మీద అరకు పోయే బావ నిండుగా ఎక్కి, కాఫీ పొడి, పసుపు, ఒక వెదురుబుట్ట కలుపుకుని మరింత నిండుగా దిగుతాడు. ఖర్చయింది రెండు సేఫ్టీ పిన్నులు.

ఆ పిన్నుల కోసమే వచ్చాడనుకుంటే ఆయన మీద కోపం రాదు. వంజంగి మీద తూరుపు ఎర్రబారుతుంది, కింద లోయ నిండా పాలు పొంగినట్టు మబ్బు. మంచు పట్టిన కళ్లజోడుతో ఎవరో "బావా, తుడుచుకోడానికి గుడ్డేమైనా ఉందా?" అంటారు. ఇక చూడాలి ఆ వెలుగు! అడిగినది ఎప్పుడూ సంచి అడుగునే ఉంటుంది కనుక, తాడు, గొడుగు, టార్చిలు, మేజోళ్లు ఒక్కొక్కటే బయటికొచ్చి కొండ మీద సంత పెడతాయి. సూర్యుడు పైకొస్తాడు, మబ్బు కరగడం మొదలవుతుంది, బావ తల ఇంకా సంచిలోనే. చివరికి మడత నలగని పసుపు గుడ్డతో తల పైకెత్తేసరికి, అడిగినవాడు చొక్కా అంచుతో అద్దాలు తుడుచుకుని ఫొటోలు దిగుతుంటాడు. బావ నొచ్చుకోడు. గుడ్డ దులిపి, చుట్టూ చూసి, "ఇంకెవరికైనా కావాలా?" అంటాడు.