నోరు తెలుసు, మొహం తెలియదు

పెళ్లి భోజనాల్లో అందరూ విస్తరి వంక చూస్తుంటే ఒకాయన మాత్రం ఎదురు బంతి వాళ్ల నోళ్ల వంక చూస్తుంటాడు. ఎవరైనా పకపకా నవ్వితే తను నవ్వడు, పై పలువరస అంచనా కడతాడు. ఓ పెద్దాయన అరిసెను ముందుపళ్లతో కొరకబోయి ఆగి, విరిచి దవడకి పెట్టుకున్నాడంటే చాలు, ‘సెట్టు లేస్తోంది’ అని లోలోపల తీర్పు చెప్పేస్తాడు. ఈయనే డెంటల్ మెకానిక్. జనం దీన్ని వృత్తిపిచ్చి అంటారు. నేనైతే కరువు అంటాను. పొద్దస్తమానం నోళ్లతోనే పనిచేస్తూ, మొహాల కోసం మొహంవాచిన మనిషి ఈయన.

ఈ కరువుకి మూలం ఆయన పని తీరులోనే ఉంది. 1948 నాటి దంతవైద్యుల చట్టం ఆయనకి మెకానిక్ అని పేరు ఖాయం చేసి, కట్టుడుపళ్లు చేయడం, బాగుచేయడం అప్పగించింది. రోగి నోట్లో చెయ్యి పెట్టే హక్కు డాక్టరుగారిది. రెండేళ్ల కోర్సులో కుర్రాడు మైనపు దిమ్మల్లోంచి ఒక్కో పన్నూ చెక్కుతాడు. కోరపన్ను కొన, దవడపన్ను మీది గుంటలు చేతికి వచ్చేదాకా వదలరు. ఆ తర్వాత బతుకంతా ల్యాబులోనే. క్లినిక్కు నుంచి వచ్చేవి చిగుళ్ల అచ్చు, ఓ చీటీ. చీటీలో వయసు, ఆడో మగో, పళ్ల రంగు నంబరు, అన్నిటికన్నా పెద్దక్షరాల్లో ‘అర్జెంట్’. ఆర్టిక్యులేటర్ అనే లోహపు దవడకి అచ్చులు బిగించి, మైనంలో పైన 14, కింద 14 పళ్లు నిలబెడతాడు. డాక్టరుగారు నోట్లో పెట్టి చూసి సరే అన్నాక, ఫ్లాస్కులో ప్లాస్టర్ మధ్య పూడ్చి, వేణ్నీళ్లతో మైనం కరిగించి, ఆ ఖాళీలో గులాబీరంగు అక్రిలిక్ ముద్ద కూరి ఉడకబెడతాడు. గబగబా వేడి పెంచితే లోపల బుడగలు. చల్లారకుండా తెరిస్తే సెట్టు వంకర. ‘అర్జెంట్’ అన్న మాట అక్రిలిక్ చెవికెక్కదు.

ఇంతా చేసి ఆ 28 పళ్లూ ఎలా ఉండాలో చెప్పాల్సింది చిగుళ్లు కావు, మొహం. ముందుపళ్లు కాస్త లోపలికి పోతే పెదవి పీక్కుపోతుంది. చోటు తప్పితే త, ద పలకడానికి నాలుక తడుముకుంటుంది. ఎవరి కొలత జాకెట్టో చెప్పకుండా కుట్టమంటే దర్జీ ఏం చేస్తాడు? అందరికీ నప్పే కొలత ఎంచుకుంటాడు. ఈయనా అంతే, స్కేలు పెట్టి గీసినట్టు వరస కట్టేస్తాడు. డెబ్బయ్యేళ్ల తాతగారి నోట్లో టూత్‌పేస్టు ప్రకటన వెలుగుతుంది. బాగా కుదిరితే ‘డాక్టరుగారి హస్తవాసి’. నాలుగేళ్లకి దవడ ఎముక అరిగి సెట్టు వదులైతే మాత్రం ‘ల్యాబువాడు చెడగొట్టాడు’.

తెల్లగా కావాలని అడిగేది తాతగారే కదా అంటారు. నిజమే. కానీ ఆ వయసు పన్ను కాస్త పసుపుగా, కొనలు అరిగి ఉంటేనే ఎవరూ కనిపెట్టలేరని ఆయనకి చెప్పిందెవరు? అది తెలిసిన మనిషి ల్యాబులో ఉన్నాడాయె. మెకానిక్కుని రోగి దగ్గరికి రానిస్తే రేపు బోర్డు కట్టి డాక్టరైపోతాడన్నది రెండో అభ్యంతరం. ఇది మాత్రం బరువైనదే. సెట్టు కింద పుండు మామూలు ఒరుపా, క్యాన్సరా అన్నది డాక్టరే తేల్చాలి. ఆ గీత చెరపమని నేననను. మొహం చూడటానికి నోట్లో చెయ్యి పెట్టక్కర్లేదు కదా! ఇక కంప్యూటరూ ప్రింటరూ వచ్చాక ఈయనతో పనేముందంటారా? ప్రింటైన సెట్టు కూడా నునుపు చేయడానికి ఈయన చేతికే వస్తుంది. స్కానర్ చదివేదీ నోటినే. అచ్చు కొరియర్లో వచ్చేది, ఇప్పుడు ఫైలుగా వస్తోంది, అంతే తేడా; మొహం అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు.

అందుకని పళ్ల సెట్టు కట్టించుకోబోయేవారికో మనవి. పళ్లున్న రోజుల ఫొటో ఒకటి వెతికి డాక్టరుగారికిచ్చి, ల్యాబుకి పంపమనండి. మీ పెళ్లి ఫొటో పనికిరాదు, ఆ కాలంలో ఫొటోగ్రాఫరు ముందు ఎవరూ నోరు తెరవలేదు. మీ అమ్మాయి పెళ్లిలో వియ్యంకుణ్ణి చూసి నవ్వుతున్నది ఏదైనా దొరుకుతుందేమో చూడండి.