వరస కలపకండి, గారు పెట్టండి

వీరులపాడు మండలంలో ఏ ఊరెళ్లినా ముందు వరస కలుపుతారు. బాబాయి, అత్త, బావ, అన్న. మీరు ఇవాళ్టి నుంచి ఆ పని మానేయండి. పేరు చెప్పి గారు పెట్టండి. అందరికీ.

వరసలు వినసొంపుగానే ఉంటాయి, కానీ మన వీధి దాటవు. మిరపకాయల టిక్కీలు లారీకెక్కించే చోట నిలబడి వినండి. మీసం రాని రైతుబిడ్డ డెబ్బయ్యేళ్ల కూలీని "ఒరే, ఇటు రారా" అంటాడు. ఆ పెద్దాయన తలగుడ్డ సర్దుకుంటూ "వస్తన్నానయ్యా" అంటాడు. అదే పిల్లాడు సొంత వీధిలో అదే వయసు మనిషిని నోరారా తాతయ్యా అంటాడు. కులం దగ్గర ఆగిపోయే వరస ఎంత తీయగా ఉన్నా మనకొద్దు.

జపానులో పేరు చివర 'సాన్' అంటారు. ఆడా మగా తేడా లేదు, పెళ్లయిందా లేదా అని చూడరు. పుస్తకాల కొట్టూ 'హోన్యా సాన్', పిల్లల నోట ఏనుగూ 'జో సాన్'. సామా, కున్, చాన్ అనే హెచ్చుతగ్గులు వాళ్లకూ ఉన్నాయి, వాటిని అక్కడే ఉంచేద్దాం. తన పేరుకు తాను సాన్ తగిలించుకోకపోవడం మాత్రం నేర్చుకోవాలి. ఫ్లెక్సీల మీద సొంత పేరుకు గారు వేయించుకునేవాళ్లకు ఇది మరీ అవసరం.

నందిగామ కోర్టులో బోనెక్కినా "జడ్జి గారూ" అనండి. 'మై లార్డ్' వలస పాలన నాటి అవశేషమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2006లోనే చెప్పింది. కింది కోర్టుల్లో 'సర్' అన్నా, ప్రాంతీయ భాషలో దానికి సాటి మాట అన్నా చాలంది. మన పొన్నవరంలో 1957లో పుట్టిన ఎన్.వి.రమణ గారు 2021 ఏప్రిల్ 24న భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన పేరుకున్న గారే ఆ ఊరి చేలో పత్తి తీసే ఆమె పేరుకూ ఉండాలి.

గట్టు తగాదాలోనూ గారు వదలొద్దు. "సుబ్బయ్య గారూ, మీరు నా గట్టు జానెడు చెక్కేశారు" అని గట్టిగా అరవండి, తప్పులేదు. ఉయ్యాల్లో పిల్లకీ గారే. శుభలేఖ మీద చి., చి.ల.సౌ. తీసేసి వధూవరులిద్దరికీ గారు వేయించండి.

ఇక ఇంట్లో. పెదనాన్ననూ అమ్మమ్మనూ పేరు పెట్టి, గారు చేర్చి పిలవండి. మొదట అలుగుతారు, పెదనాన్న అన్నం దగ్గర్నుంచి లేచిపోవచ్చు కూడా. అప్పుడు కూడా పేరుతోనే, గారుతోనే బతిమాలండి. రెండు సంక్రాంతులు గడిస్తే అలవాటు పడతారు.