కాలు మీద కాలేసుకుని లైసెన్సు రెన్యువల్

కాలిఫోర్నియాలో కిచెన్లు, బాత్‌రూములు కొత్తగా మార్చిపెట్టే కాంట్రాక్టరుకు రెండేళ్లకోసారి ఒక పీడ పట్టుకుంటుంది. లైసెన్సు గడువు అయిపోతోంది, రెన్యువల్ చేసుకోమని శాక్రమెంటో నుంచి లైసెన్స్ బోర్డు వాళ్లు కాగితం పంపిస్తారు. బుద్ధిమంతులు ఆ పూటే కట్టేసి నిద్రపోతారు. మనం తెలివైనవాళ్లం కదా, ఇలా చేద్దాం.

1. కవరు చించకండి. గడువుకు సుమారు రెండు నెలల ముందే వస్తుంది, అంటే తొందరేమీ లేదన్నమాట. ట్రక్కులో టైల్ శాంపిళ్ల కింద దాచండి. ఇంతకంటే సుఖమైన పద్ధతి ఇంకోటుంది: ఇల్లు మారినప్పుడు కొత్త అడ్రసు బోర్డుకు చెప్పకండి. చెప్పడానికి 90 రోజుల గడువిస్తారు. మూణ్ణెల్లు పోయాక మీకే గుర్తుండదు. రాని కాగితానికి జవాబెందుకు?

2. ఒక్కరే యజమాని అయితే ఫీజు 450 డాలర్లు, గడువు దాటితే 675. ఈ 225 తేడా చూసి గుండె బాదుకోకండి. 450 ఇవాళ జేబులోంచి పోతుంది, 675 ఎప్పుడో పోతుంది. ఇవాళ్టి డబ్బే డబ్బు.

3. ఫారం పంపక తప్పకపోతే సంతకం మరిచిపోయి పంపండి. తిరిగొస్తుంది. ఈసారి సంతకం పెట్టి చెక్కు మరిచిపోండి. మీరు పంపుతూనే ఉన్నారు, ఆలస్యమంతా వాళ్లదే.

4. పనివాళ్ల బీమా దగ్గర "నాకు ఉద్యోగులెవరూ లేరు" అని ప్రతి రెన్యువల్‌కూ మళ్లీ రాసివ్వాలి. ధైర్యంగా రాసివ్వండి. నిచ్చెన మీదున్నది బావమరిది. సింకు మోస్తున్నది పిన్ని కొడుకు. చుట్టాలు ఉద్యోగులెలా అవుతారు? జారి పడితే అప్పుడు చూసుకోవచ్చు.

5. సాకులకు ఒక నోటుబుక్కు పెట్టండి. పోస్టులో పోయింది, అకౌంటెంటు ఇండియా వెళ్లాడు, తాతగారు పోయారు. తాతగారి పేరు పక్కన తేదీ తప్పకుండా వేసుకోండి. రెండేళ్ల క్రితం ఒకసారి పోయినాయన మళ్లీ పోతే గుమాస్తాకు అనుమానం వస్తుంది. ఇంత శ్రమతో ఫారం నాలుగుసార్లు నింపొచ్చు, కానీ అందులో కళ ఏముంది?

6. గడువు దాటాక పని ఆపకండి. వ్యాను మీద లైసెన్సు నంబరు చెరిగిపోలేదుగా! లైసెన్సు బతికుందో లేదో బోర్డు వెబ్‌సైటులో ఎవరైనా నిమిషంలో చూడొచ్చు, అందుకని కస్టమరు చేతికి ఫోను దొరకనివ్వకండి. ఫ్రీమాంట్‌లో తెలుగాయన తగిలితే "మీదే ఊరండీ?" అనండి. తెనాలి అంటే మీ అత్తగారిదీ తెనాలే. కాఫీ వస్తుంది, లైసెన్సు మాట రాదు. వాస్తు కోసం వంటగది ఆగ్నేయానికి జరపాలి, మధ్యలో గోడ తీసెయ్యాలి అంటారు. మీది 2021లో వచ్చిన బి-2 రీమోడలింగ్ లైసెన్సు అయితే ఇంటి బరువు మోసే గోడ జోలికి పోకూడదు. అది బతికున్న లైసెన్సుకు. పోయినదానికి హద్దేమిటి? కొట్టండి.

7. అడ్వాన్సు పది శాతమో వెయ్యి డాలర్లో, ఏది తక్కువైతే అంతే తీసుకోవాలని చట్టం. సగం అడగండి.

8. మిగతా సగం ఆయన ఇవ్వకపోతే కోర్టుకు ఈడ్వండి. కాంట్రాక్టర్ల లైసెన్సు చట్టంలో 7031వ సెక్షన్ మీకోసమే ఉంది. లైసెన్సు లేకుండా చేసిన పనికి బాకీ అడిగే హక్కు మీకుండదు, పైగా అప్పటిదాకా ఇచ్చిందంతా వెనక్కిమ్మని ఆయనే అడగొచ్చు. అంటే ఆయనకు క్యాబినెట్లు, గ్రానైటు, పొయ్యి మీద చిమ్నీ అన్నీ ఊరికే. ప్రతి సత్యనారాయణ వ్రతానికీ వచ్చినవాళ్లందరికీ మీ పేరు చెప్పుకుంటాడు. ప్రకటనల ఖర్చు మిగిలింది.

9. ఐదేళ్లు ఇలాగే లాగించండి. ఆ పైన రెన్యువల్ బాధే ఉండదు. కొత్తగా దరఖాస్తు, కొత్తగా పరీక్షలు. మీ అబ్బాయి పక్కన కూర్చుని చదువుకోండి.

10. ఈలోగా ఒక మర్యాదస్తురాలు ఫోన్ చేసి, ఇల్లు ఖాళీగా ఉంది, వచ్చి రేటు చెప్పండి అంటుంది. లైసెన్సు లేనివాళ్లను పట్టుకోవడానికి బోర్డు వాళ్లే ఇంటివాళ్ల వేషంలో ఇలా పిలుస్తుంటారని కొందరు భయపెడతారు. పట్టించుకోకండి. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లండి. పాత విజిటింగ్ కార్డు మర్చిపోవద్దు, నంబరు రాసుకోవడానికి వాళ్లకు వీలుగా ఉంటుంది.