మామగారి తనిఖీ

జర్మన్లు అల్లరి చేసినా క్యాలెండర్ చూసుకునే చేస్తారు. బ్రెమెన్‌లో దానికి ముహూర్తం అక్టోబరు, పేరు ఫ్రైమార్క్ట్, గడువు 17 రోజులు. మామూలప్పుడు ట్రాములో మనం ఫోనెత్తి "హలో" అంటేనే మెడ తిప్పి చూసే పెద్దమనుషులు, ఆ రోజుల్లో రైల్వేస్టేషను వెనక మైదానంలో డబ్బిచ్చి మరీ తలకిందులుగా వేలాడుతూ కెవ్వుమంటారు. ఏమిటిదని అడిగితే "ఇష ఫ్రైమాక్!" అంటారు. ఫ్రైమార్క్ట్ కదా, ఇంకేం కావాలి!

మా మామగారు తూనికలు కొలతల శాఖలో రిటైరయ్యారు. అంటే, కాగితం మీద అలా ఉంది. రాజమండ్రి నుంచి చూడ్డానికొచ్చిన ఆయన్ని ఈ తీర్థానికి తీసుకెళ్తూ, 1035లో కాన్రాడ్ చక్రవర్తి ఇక్కడ సంత జరుపుకునే హక్కు రాసిచ్చాడని చెప్పాను.

"అంటే మా రాజరాజ నరేంద్రుడి హయాం!" అన్నారు, ఆ కాగితం మీద సాక్షి సంతకం తమ ఊరివాళ్లదే అన్నంత దర్జాగా.

ముందు ఊరి నడిబొడ్డున రోలాండ్ దర్శనం. 1404 నుంచి కత్తీ డాలూ పట్టుకుని నిలబడ్డ రాతి వీరుడు, అయిదున్నర మీటర్ల మనిషి. ఆయన నిలబడి ఉన్నన్నాళ్లూ ఊరి స్వేచ్ఛకి ఢోకా లేదని ఇక్కడివాళ్ల నమ్మకం. ఫ్రైమార్క్ట్ వచ్చిందంటే ఆయన మెడలో కూడా హృదయం ఆకారంలో పెద్ద అల్లం రొట్టె వేలాడదీస్తారు.

"దేవుడికి బిస్కెట్టు దండేమిటి, అల్లుడుగారూ?" అన్నారు మామగారు. కానీ ఆ విగ్రహం రెండు మోకాళ్ల మధ్య దూరమే పూర్వం బ్రెమెన్ బట్టల కొలత అనీ, దాదాపు 55 సెంటీమీటర్లనీ తెలియగానే ఆయన చేతులు వాటంతటవే జోడయ్యాయి. ఇన్ని గుళ్లు తిరిగారుగానీ సొంత డిపార్టుమెంటు దేవుడు కనపడటం ఇదే మొదలు.

మైదానంలో అడుగుపెట్టాక అసలు తనిఖీ మొదలైంది. ష్మాల్త్స్‌కూహెన్ అని ఒకటి అమ్ముతారు. మన శంకరపాళీలకు దగ్గరి చుట్టం. నూనెలోంచి తీస్తూనే కాగితం పొట్లంలో పోసి, పైన పంచదార పొడి గుమ్మరిస్తారు. ఊదితే పొడి మన స్వెట్టరు మీద పడుతుంది, ఊదకపోతే నాలుక కాలుతుంది. మామగారు తెల్లబడ్డ మీసంతో పొట్లాన్ని అరచేతిలో ఎగరేసి, "తూకం లేదు, పాడూ లేదు, చేతివాటమే!" అని మండిపడ్డారు. పక్క కొట్లో నిమ్మ షర్బత్తు గ్లాసుకి డిపాజిట్ కట్టించుకుని, తిరిగివ్వగానే పైసలతో సహా వాపసు చేశారు. దాంతో జర్మనీ మీద మళ్లీ నమ్మకం కుదిరింది.

ఇక్కడ ఇలాంటి పెద్ద యంత్రాలకు ఒక తనిఖీ పుస్తకం ఉంటుంది. అది లేనిదే ఊళ్లో బిగించనివ్వరు. ఈ మాట నోరుజారి చెప్పాను. "పుస్తకం ఉందా? సంతకాలు కూడానా?" అంటూ ఆయన నేరుగా 'వైల్డ్ మౌస్' వైపు నడిచారు. అది చిన్న పెట్టెలాంటి బండి. పైకెక్కి, మలుపు దగ్గరికొచ్చాక కూడా తిరగదు. బండి ముక్కు పట్టాలు దాటి గాలిలోకి వెళ్లాక, అప్పుడు గుర్తొచ్చినట్టు చటుక్కున పక్కకి మళ్లుతుంది.

పెళ్లయిన నాటి నుంచీ నన్ను "మీరు" తప్ప "నువ్వు" అనని మనిషి. ఆ బండిలో ఎక్కి కూర్చుంటున్నప్పుడు కూడా "మీరు సర్దుకోండి" అనే మర్యాద ఆయనది. మొదటి మలుపులో "అల్లుడుగారూ" అన్నారు. రెండో మలుపులో "బాబూ" అన్నారు. మూడో మలుపులో కింద బ్రెమెన్ మొత్తం కనపడేసరికి నా చొక్కా పుచ్చుకుని, "ఆపమనరా ఒరేయ్! సంతకం పెట్టిన వెధవెవడ్రా!" అని గోదావరి అవతలి గట్టుకి వినపడేలా అరిచారు.

ఒక్క జర్మనూ తిరిగి చూడలేదు. వాళ్ల కేకల్లో వాళ్లున్నారు.

కిందకి దిగాక ఆయన కండువా సర్దుకున్నారు, గొంతు సవరించుకున్నారు.

"ఏమీ అనుకోకండి, అల్లుడుగారూ. మూడో మలుపు సరిగ్గా చూడలేకపోయాను. కళ్లు మూసుకుపోయాయి. మీకు అభ్యంతరం లేకపోతే..." అంటూ టికెట్ల కిటికీ ముందు క్యూలో నిలబడ్డారు.