బందరులో పాత హోటలు

పాత కోటల్ని హెరిటేజ్ హోటళ్లుగా మార్చాలని పెద్దలు అప్పుడప్పుడూ ఉబలాటపడుతుంటారు. మా బందరు కోట విషయంలో ఆ శ్రమ అక్కర్లేదు. బందరు నాలుగొందల ఏళ్ల కిందటే హోటలు.

1606లో డచ్చివాళ్లు దిగారు. 1611లో ‘గ్లోబ్’ ఓడలో ఇంగ్లీషువాళ్లు, 1669లో ఫ్రెంచివాళ్లు. నాలుగు తాన్ల బట్ట కొనుక్కుపోతామని వచ్చినవాళ్లు గోడలు కట్టుకుని, ఫిరంగులు పెట్టుకుని, చివరికి ఓనరునే గుమ్మం బయట నిలబెట్టారు. 1750లో ఫ్రెంచివాళ్లు హోటలంతా మాదేనన్నారు. 1759 ఏప్రిల్లో ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ రాత్రికి రాత్రి కోట మీద పడి వాళ్లను ఖాళీ చేయించాడు. అద్దె బకాయి సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఊళ్లో పేర్లు మాత్రం మిగిలాయి: ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచిపేట, వలందపాలెం. ఫ్రెంచివాడు మరీ ఘటికుడు. మనకు స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఊళ్లో తన కొట్టు వదల్లేదు, 1947 అక్టోబరులో గానీ తాళాలివ్వలేదు. డచ్చివాళ్లు కొందరు ఇప్పటికీ ఉన్నారు, చెక్కిన రాళ్లు కప్పుకుని సమాధుల్లో. రూము బాలేదని ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు.

1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి ముప్పై వేల మందిని మింగింది. ఆ తర్వాత బందరు మళ్లీ మునుపటి బందరు కాలేదు. 1977 ఉప్పెన చూసిన దివిసీమ వాళ్లం, దాని మీద జోకులేయలేం.

ఇప్పుడు కోటకు వెళ్దామని బస్టాండులో ఆటో అడగండి.

“ఏ కోటాండీ? రేషన్ కోటానా, రిజర్వేషన్ కోటానా?”

దారి తెలిసి వెళితే ఆయుధాగారం, గంట మంటపం, వాటి చుట్టూ తుప్పలు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అంటుంది చట్టం. ఉప్పుగాలికి చదువు రాదు. ఇటుక సందుల్లో వేళ్లు దింపే రావిమొక్కకు నోటీసు ఎవరిస్తారు?

పాత రాళ్ల మీద శ్రద్ధ లేదు గానీ, కొత్త రాళ్లంటే మనకు ప్రాణం. ఇదే బందరు రేవుకు 2008లో ఒక ముఖ్యమంత్రి, 2019లో మరొకరు, 2023లో ఇంకొకరు శంకుస్థాపన చేశారు. మూడింటినీ ఒకచోట చేర్చి కంచె వేస్తే పురావస్తు శాఖకు మంచి కట్టడమే. కాకపోతే చట్టం వందేళ్లు నిండాలంటుంది. మొదటి రాయికి 2108లో అర్హత వస్తుంది.