గీతలు

దిల్‌సుఖ్‌నగర్‌ మెయిన్‌ రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక సందులో ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. ముందు అద్దాల బల్ల, బల్ల వెనక మెకానిక్‌, ఇద్దరు కూర్చుంటే నిండిపోయేంత చోటు. ఆ మధ్యాహ్నం డిగ్రీ చదివే కుర్రవాడొకడు వాళ్ళ నాయనమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఫింగర్‌ పనిచేయట్లేదన్నా" అంటూ ఫోను బల్ల మీద పెట్టాడు.

"మొత్తానికే చేస్తలేదా? ఒకసారి చేసి ఒకసారి చేస్తలేదా?"

అడగవలసిన ప్రశ్న అదే. మొత్తానికే పనిచేయకపోతే సెన్సర్‌ పోయినట్టు. ఒకసారి చేసి ఒకసారి మానేస్తే సెన్సర్‌ బాగానే ఉండి, తేడా ఇంకెక్కడో ఉన్నట్టు.

జవాబు పెద్దామె చెప్పింది. "పొద్దున తెరుచుకుద్ది నాయనా, మాపిటికి తెరుచుకోదు. ఒక్కోరోజు పొద్దున కూడా తెరుచుకోదు."

ఫోను మనవడు వాడి ఇచ్చినది. ఆమె కూతురు కువైట్‌లో ఇంటి పని చేస్తుంది. అక్కణ్నుంచి ఫోను వస్తే ఈమె ఎత్తి మాట్లాడగలదు, దానికి తాళంతో పని లేదు. తనకు కూతురితో మాట్లాడాలనిపిస్తేనే తాళం తీయాలి. మనవడు కాలేజీకి, కొడుకూ కోడలూ పనికీ వెళ్ళాక ఇంట్లో తీసిపెట్టే మనిషి ఉండడు. తాళమే లేకుండా చేద్దామంటే కూతురు పంపే డబ్బు తాలూకు యాప్‌ అందులోనే ఉంది. నాలుగంకెల నంబరు ఆమెకు గుర్తుండటం లేదు. ఐదుసార్లు తప్పు నొక్కితే అరనిమిషం ఆగమంటుంది, ఆ అరనిమిషంలో కంగారు ఇంకా పెరుగుతుంది. వేలు పెడితే చాలు గదా అని మనవడు వేలిముద్ర పెట్టించాడు.

మెకానిక్‌ ముందు ఫోను మీద అతికించిన గ్లాస్‌ని చూశాడు. అది దళసరిది. ఈ ఫోనులో సెన్సర్‌ తెర కిందే ఉంటుంది. గ్లాసుకీ తెరకీ మధ్య చిన్న గాలిబుడగ చేరినా ముద్ర మసకబారుతుంది. గోరు దూర్చి గ్లాస్‌ ఊడదీస్తూ, 2019లో శాంసంగ్‌ గెలాక్సీ ఎస్‌10 సంగతి చెప్పాడు. ఆ ఫోనుకు ఒక రకం జెల్‌ కవరు తగిలిస్తే ఎవరి వేలు పెట్టినా తెరుచుకుందట. కంపెనీ ఒప్పుకుని, సాఫ్ట్‌వేర్‌ సరిచేసి పంపింది.

"గది ఎవ్వరు పెట్టినా తెరుసుకున్నది. ఇది సొంతమనిషి పెట్టినా తెరుస్తలేదు" అని తెరను మెత్తటి గుడ్డతో తుడిచాడు.

పాత ముద్రలన్నీ తీసేసి కొత్తగా నమోదు మొదలుపెట్టాడు. వేలు పెట్టాలి, ఎత్తాలి, కొంచెం జరిపి మళ్ళీ పెట్టాలి. పెట్టినప్పుడల్లా తెర మీద చుట్టు కొంచెం కొంచెంగా నిండాలి. అది సగం దాకా నిండి ఆగిపోయింది. వేలు తుడుచుకోమన్నాడు, తుడుచుకుంది. మరీ పొడిగా ఉంటే పట్టదని నోటి ఆవిరి ఊదమన్నాడు, ఊదింది. చుట్టు నిండింది. ఫోను మూసి వేలు పెట్టమన్నాడు. తెరుచుకుంది.

పెద్దామె మనవడి వంక చూసి నవ్వింది.

ఇంకోసారి పెట్టమన్నాడు. తెరుచుకోలేదు. ఆ తరవాత కూడా తెరుచుకోలేదు.

అదే వేలిని రెండో వేలులా ఇంకోసారి నమోదు చేశాడు. ఫోనుకు పోల్చుకోడానికి రెండు బొమ్మలుంటే తప్పిపోయే అవకాశం తగ్గుతుంది. సెట్టింగుల్లోకి వెళ్ళి తాకిడి పట్టే గుణం పెంచాడు. కుడి బొటనవేలు వదిలేసి చూపుడువేలు పెట్టించాడు, ఎడమచేతికి మారాడు. అన్నిటికన్నా తక్కువ అరిగేది చిటికెనవేలు కదా అని దాన్నీ పెట్టించాడు. అది కొంత నయమనిపించింది. నాలుగుసార్లు పెడితే ఒకసారి తెరుచుకునేది. నాలుగుసార్లు పెట్టాక తెరుచుకునే ఫోనును ఎవరూ బాగైందనరు. మెకానిక్‌ కూడా అనలేదు.

సాఫ్ట్‌వేర్‌ అప్‌డేట్‌ ఒకటి ఆగి ఉంది. దుకాణం వైఫై మీద దాన్ని ఎక్కించటం మొదలుపెట్టి, పెద్దామెను స్టూలు మీద కూర్చోమన్నాడు.

ఆమె చుట్టూ చూసింది. గోడకు కవర్లు, ఛార్జర్లు, చెవుల్లో పెట్టుకునేవి వేలాడుతున్నాయి. వాటి పక్కన మేకుకు నల్లటిదొకటి ఉంది, చుట్టూ పచ్చ అంచుతో.

"అదేంది నాయనా?"

"రైటింగ్‌ ప్యాడ్‌ పెద్దమ్మా. పిల్లలు ఏబీసీడీలు, అఆలు రాసుకుంటరు. కింద బటన్‌ నొక్కితే మొత్తం పోతది."

చూస్తానంది. తీసి ఇచ్చాడు. ఆమె దాని అంచును బొటనవేలితో ఈ మూల నుంచి ఆ మూల దాకా తడిమింది. తరవాత దాన్ని అడ్డంగా కళ్ళ ఎత్తుకు లేపి, ఒక కన్ను మూసి, వెలుతురు వైపు పట్టి చూసింది. అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది.

"పగలదా?"

"పగలదు. ప్లాస్టిక్‌."

"తేలిగ్గా ఉంది" అని తిరిగి ఇచ్చేసింది.

అప్‌డేట్‌ పూర్తయి ఫోను తనంతట తను ఆగి వెలిగింది. అలా వెలిగిన ఫోను మొదటిసారి వేలికి లొంగదు, నంబరే కొట్టాలి. మనవడు కొట్టాడు. పెద్దామె వేలు పెట్టింది. తెర వణికింది. గుర్తుపట్టలేదంది.

మెకానిక్‌ ఫోను పక్కన పెట్టి, అప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని చూశాడు. బోర్డుల మీద టంకం వేసేటప్పుడు వాడే పెద్ద భూతద్దం దీపాన్ని దగ్గరికి లాగి, ఆమె బొటనవేలు దాని కింద పెట్టాడు. చాలాసేపు చూశాడు. పక్కనే తన వేలు పెట్టి మళ్ళీ చూశాడు. మనవణ్నీ చూడమన్నాడు.

ఫోను వేలిని చూడదు, వేలి మీద గీతల్ని చూస్తుంది. ఈ ఫోనులో తెర కింద చిన్న కెమెరాలాంటిదుంది. వేలు ఆనిన చోట తెర వెలుగుతుంది, ఆ వెలుగు వేలికి తగిలి కిందికి తిరిగొస్తుంది. గీత గట్టు దగ్గర ఒక తీరుగా, గీతల నడుమ గాడి దగ్గర ఇంకో తీరుగా వస్తుంది. అలా బొమ్మ పడుతుంది. పక్క బటన్‌లో సెన్సర్‌ ఉండే ఫోన్లది వేరే పద్ధతి. వాటికి వెలుగు అక్కర్లేదు. గట్టు సెన్సర్‌ని ఆనుకుంటుంది, గాడి దగ్గర గాలి మిగులుతుంది, ఆ తేడాను విద్యుత్తుతో కొలుస్తాయి. ఏ పద్ధతైనా వెతికేది ఎత్తుకూ పల్లానికీ ఉన్న తేడానే.

మెకానిక్‌ తన సొరుగులోంచి అలాంటి బటన్‌ ఫోనొకటి తీసి, దానిమీదా ఆమె వేలు నమోదు చేయబోయాడు. అది మొదట్లోనే వద్దంది.

"ఒక్క నిమిషం" అని, బిల్లుల మీద ముద్రలు వేసే స్టాంప్‌ ప్యాడ్‌ తెరిచి బల్ల మీద పెట్టాడు. ఎందుకో ఇంకా చెప్పనేలేదు, పెద్దామె బొటనవేలు ముందుకు చాపింది. ప్యాడ్‌ మీద అద్ది, పక్కనున్న తెల్ల కాగితం మీద వేలిని ఒక పక్క నుంచి రెండో పక్కకు దొర్లించింది. అలా దొర్లించాలని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

కాగితం మీద నీలం మచ్చ పడింది. నిండుగా, ఎక్కడా సందు లేకుండా ఉంది. దాని పక్కన మెకానిక్‌ తన బొటనవేలు ముద్ర వేశాడు. అందులో సుడి ఉంది, సుడి చుట్టూ గీతలున్నాయి, ఒకచోట చిన్నప్పుడు తెగిన గాటు కూడా ఉంది.

"ఫోన్‌ల ఏం ఖరాబు లేదు తమ్మీ" అన్నాడు మెకానిక్‌. "దానికి సూస్తందుకే ఏం లేదు."

"రేషన్‌ దగ్గర కూడా ఇంతేనన్నా. అక్కడ కన్ను పెట్టిస్తారు" అన్నాడు మనవడు.

వేలి గీతలు తల్లి కడుపులోనే పడతాయి. చివరిదాకా అవే. పైచర్మం కాలినా, అరిగినా, కొన్నాళ్ళు చేతికి విశ్రాంతి దొరికితే అవే గీతలు అదే వరసలో తిరిగి లేస్తాయి, వాటి అచ్చు లోపలి పొరలో ఉంటుంది కనక. గిన్నెల సబ్బు వల్లా, సున్నం వల్లా, సిమెంటు వల్లా గీతలు మాసిన వాళ్ళను మెకానిక్‌ ఎంతోమందిని చూశాడు. నెలరోజులు ఆగి రమ్మనేవాడు, చాలామందికి కుదిరేది. లోపలి పొర దాకా అరిగిన వేళ్ళకు ఆ వరస మళ్ళీ రాదు. పైన వయసు ఒకటి.

"ఏం పని చేసేటోళ్ళు పెద్దమ్మా?"

"మా ఊళ్ళో రాళ్ళ పనన్నా. ఎప్పుడో మానేసింది" అని మనవడే చెప్పి, రోడ్డు వంక తొంగి చూశాడు. "బండి రోడ్డు మీదే పెట్టాను. ఫొటో కొడితే చలానా పడుద్ది. సందులో పెట్టి వస్తా. ఫోను తెరిచే ఉంది, నంబరు అడిగితే నైంటీన్‌ ఫార్టీసెవెన్‌ కొట్టన్నా." అని బయటికి పరుగెత్తాడు.

మెకానిక్‌ పెద్దామెకు టిష్యూ కాగితం ఇచ్చాడు. ఆమె వేలు తుడుచుకుంది. ఒక్క తుడుపుకే సిరా అంతా వదిలిపోయింది. మెకానిక్‌ వేలి గీతల్లో మాత్రం నీలం మిగిలే ఉంది.

"ఫింగర్‌ ఇడిసిపెడదాం. ప్యాటర్న్‌ పెడత. తొమ్మిది సుక్కలొస్తయి, ఏలు ఎత్తకుంట కనీసం నాలుగు కలపాలె. నంబర్‌ లెక్క కాదు, చేతికి అలవాటైతది, మర్సిపోరు."

ప్యాటర్న్‌ అంటే చాలామంది ఎల్‌ గీస్తారు, లేదా జెడ్‌ గీస్తారు. దొంగకైనా ముందు తోచేవి అవే. అందుకని ఈ మెకానిక్‌ అందరికీ సొంత పేరులోని అక్షరమేదైనా గీయమని చెబుతాడు. తెలుగు అక్షరాలన్నీ గుండ్రం, చుక్కలన్నీ నలుచదరం, సరిగ్గా కుదరదు. కుదరకపోవటమే మంచిది. ఆ మనిషి తన అక్షరాన్ని ఎక్కడ వంచి ఎక్కడ విరిచాడో ఇంకెవరికీ తెలియదు.

ఫోను మీద నేరుగా గీయిస్తే తప్పులు పడి మళ్ళీ ఆగమంటుందేమోనని, గోడ మీది రైటింగ్‌ ప్యాడ్‌ తీసి దానిమీద తొమ్మిది చుక్కలు పెట్టి ఆమె ముందుంచాడు. ప్లాస్టిక్‌ పుల్ల చేతికిచ్చాడు.

"మీ పేరుల మొదటి అచ్చరం ఈ సుక్కల మీద గీయుండ్రి. ఎట్లొచ్చినా మంచిదే. నేను అదే ఫోన్‌ల పెట్టిస్త."

పెద్దామె పుల్లను పిడికిట్లో పట్టుకుంది. ప్యాడ్‌ను తన వైపు సరిగ్గా తిప్పుకుంది. చుక్కల మీద పొడి ఉన్నట్టు అరచేత్తో ఒకసారి తుడిచింది. పుల్ల మాత్రం ఆనించలేదు.

"గీయుండ్రి పెద్దమ్మా. తప్పుపోతే బటన్‌ నొక్కుదాం."

"రాయటం రాదు నాయనా."

"పేరు మొదటి అచ్చరం ఒక్కటే."

"అదీ రాదు."

మెకానిక్‌ పుల్ల వెనక్కి తీసుకున్నాడు. "చిన్నప్పుడు బడికి పంపలేదా?"

"యాడ బడి! ఎనిమిదో ఏట మా అయ్య పనిలో పెట్టాడు. అప్పట్నించీ రుద్దుడే. మా వీధి పిల్లకాయలందరం అదే పని."

"రాళ్ళంటే ఏం రాళ్ళు? ఇంట్ల పరిసే బండలా?"

"కాదు నాయనా, పలకలు. మార్కాపురం పలకలు. మేం ఎంత నున్నగా రుద్దితే పిల్లకాయలకు అక్షరం అంత బాగా కుదురుద్దని చెప్పేవాళ్ళు."