ముందు కిందికి దూరి చూడవోయ్

పాత జీపులంటే కుర్రాళ్ళకి మళ్ళీ మోజు పుట్టింది. మంచిదే. మామిడికాయల సీజన్లో మా రెడ్డిగూడెం నుంచి నున్న మార్కెట్‌కి ట్రైలర్ తగిలించి లాగిన బండ్లకే ఇప్పుడు రంగులేసి, వెడల్పు టైర్లు తొడిగి, పెళ్ళి ఊరేగింపుల్లో తిప్పుతున్నారు. ఎక్కి స్టీరింగ్ పట్టుకుంటే తెలుస్తుంది అసలు సంగతి: అంచు దగ్గర బెత్తెడు తిప్పినా ముందు చక్రాలకి కబురందదు. నందిగామ, జగ్గయ్యపేట మీదుగా పోయే హైదరాబాద్ రోడ్డు ఇంకా 9వ నంబరుగా, సన్నగా ఉన్న రోజుల్లో ఎదురు లారీకి తప్పుకోవాలంటే ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవాల్సిందే, అలాంటి బండితో.

లూజుందని షెడ్డుకి తీసుకెళ్తే ఇప్పటి కుర్రాడేం చేస్తాడు? బానెట్ ఎత్తి, స్టీరింగ్ బాక్సు పక్కనున్న లాక్ నట్టు వదులు చేసి, స్క్రూ బిగించేస్తాడు. "అయిపోయింది తాతా, టైటయింది" అంటాడు. అయింది, నిజమే. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం మానేసేంత టైటు.

మా రోజుల్లో మేస్త్రి ఆ స్క్రూ జోలికి ఆఖర్న పోయేవాడు. పైన ఒకణ్ణి కూర్చోబెట్టి "కొంచెం కుడికీ ఎడమకీ ఆడిస్తూ ఉండవోయ్" అని తను కిందికి దూరేవాడు. ఒక్కో జాయింటు మీదా చెయ్యేసి చూసేవాడు. ఏ ముక్క కదిలినా దాని పక్క ముక్క కదలడం లేదో, లూజు అక్కడే. జీపులో జాయింట్లేమన్నా తక్కువా? బాక్సు నుంచి డ్రాగ్ లింకు, దాన్నుంచి నడుమ బెల్ క్రాంకు, అక్కణ్ణుంచి చెరో పక్కకీ టై రాడ్లు, చివర్న కింగ్ పిన్లు. ఒక్కోచోట వెంట్రుకవాసి అరిగినా అన్నీ కలిసి పైకొచ్చేసరికి బెత్తెడవుతుంది. ఎక్కువసార్లు దొరికే దొంగ ఆ బెల్ క్రాంకే. పొలం దారుల దుమ్మూ బురదా దాని పిన్నునీ బుష్షునీ తినేసేవి. బాక్సుని ఫ్రేముకి పట్టే బోల్టులే వదులైన బండ్లూ ఉండేవి, వాటికి స్క్రూ ఎంత బిగిస్తే ఏం లాభం!

తర్వాత చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపేవాడు. ఊగితే "బ్రేకు తొక్కి పట్టు" అనేవాడు. తొక్కగానే ఊగడం ఆగిందా, చక్రం బేరింగు. ఆగలేదా, కింగ్ పిన్ను. పైమూత కింది షిమ్ముల్లో ఒకటి తీసి మళ్ళీ బిగిస్తే చాలాసార్లు సరిపోయేది.

ఇక బాక్సు. అమెరికా సైన్యానికని 1941లో మొదలుపెట్టిన విల్లీస్ జీపు నుంచి వచ్చిన రాస్ బాక్సు అది. లోపల మర తిరిగినట్టుండే కామ్, దాని గాడిలో నడిచే రెండు పిన్నుల లివరు. బండి ఎక్కువగా తిన్నగానే పోతుంది గనక గాడి నడుమ అరుగుతుంది, చివర్లు కొత్తగానే ఉంటాయి. నడిమి లూజు పూర్తిగా పోయేదాకా బిగిస్తే మూలమలుపులో పట్టేస్తుంది. అందుకే చక్రాలు తిన్నగా పెట్టి, కాస్త పట్టు తగిలేదాకా బిగించి, ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పి చూసి, అప్పుడు లాక్ నట్టు. అప్పటికీ లూజు పోకపోతే కామూ పిన్నులూ కొనుక్కురావడానికి బెజవాడ ఆటోనగర్ పోవాల్సిందే.

సీలు కారుతోందని ఈ మధ్య బాక్సులో గ్రీజు కూరుతున్నారు. 140 నంబరు ఆయిల్ పోయాల్సిన చోట గ్రీజేస్తే పిన్ను దాన్ని పక్కకి తోసేస్తుంది, అది తిరిగి రాదు, గాడి ఎండి అరుగుతుంది. చెబితే "ఏం కాదులే తాతా".

2014 దాకా ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్‌కి ఇన్ని బాధల్లేవు, దానిది ర్యాక్ అండ్ పీనియన్. ఇప్పటి కార్లూ అంతే. జాయింట్లు తక్కువ, లూజూ తక్కువ, ఒప్పుకుంటాను. ఒప్పుకోనిదల్లా టై రాడ్ ఎండ్లు గలగలలాడుతున్న జీపుని తీసుకెళ్ళి ముందుగా కంప్యూటర్ అలైన్‌మెంట్‌కి ఎక్కించడం. అక్కడ చూపించిన అంకె మైలవరం చేరేసరికి ఇంకొకటవుతుంది. డబ్బులు మాత్రం ముందే తీసుకుంటారు.